చేతిలోని చరిత్ర – 9: మొద్దుబారని మొన

గత భాగంలో ఇంగ్లండ్ ఉత్తరాన బారోడేల్ లోయలో, గ్రాఫైట్ గని దగ్గర ఆగాం. ఆ నల్లరాయిని దొంగలు ఎత్తుకుపోకుండా 1752లో బ్రిటిష్ పార్లమెంటు ఏకంగా ఒక చట్టమే చేయవలసి వచ్చిందనీ, ఆ రాయి అందని ఫ్రాన్సులో కోంటే అనే ఆయన 1795లో గ్రాఫైట్ పొడికి బంకమట్టి కలిపి కాల్చి కొత్త దారి తీశాడనీ చెప్పుకున్నాం. అక్కడిదాకా కథ గనివాళ్లదీ వడ్రంగులదీ. ఇప్పుడు పెన్సిల్ కంసాలి చేతికి వస్తుంది.

చెక్క పెన్సిల్ ఎంత మంచిదైనా దానికో పుట్టులోపం ఉంది. రాసేకొద్దీ మొన అరుగుతుంది, చెక్కేకొద్దీ ఒళ్లు తరుగుతుంది. పెన్సిల్ చెక్కే పరికరానికి ఫ్రాన్సులో పేటెంటు వచ్చింది 1828లో. అంతకుముందు అందరికీ చాకే గతి. ఎండలో నిలబడి పొలం కొలతలు రాసుకునే సర్వేయరుకైనా, ఊగే ఓడలో లెక్కలు కట్టే నావికుడికైనా, అంగడిలో బేరం రాసుకునే వర్తకుడికైనా పెన్సిల్‌తో పాటు జేబులో చాకు ఉండాల్సిందే. పైగా గ్రాఫైట్ పెళుసు. చాకు రవ్వంత పక్కకు జారితే మొన విరిగి పని మళ్లీ మొదటికొస్తుంది.

లెడ్‌ని చెక్కలో అతికించెయ్యకుండా ఒక పిడిలో పట్టి ఉంచి, అరిగినంత మేర ముందుకు జరుపుకుంటే చాలన్న ఆలోచన పాతదే. 1565లో జూరిచ్ పండితుడు కాన్రాడ్ గెస్నర్ శిలాజాల మీద రాసిన పుస్తకంలో, పిడికి గుచ్చిన రాతపుల్ల బొమ్మ ఒకటి వేయించాడు. పెన్సిల్‌కి మనకు దొరికిన తొలి బొమ్మ అదే. ఇక బౌంటీ ఓడ తిరుగుబాటుదారుల్ని పట్టి తెమ్మని బ్రిటిష్ నౌకాదళం పంపిన పండోరా ఓడ 1791లో ఆస్ట్రేలియా దగ్గర గ్రేట్ బారియర్ రీఫ్‌కి తగిలి మునిగిపోయింది. 1977లో ఆ శిథిలాల జాడ తెలిశాక గాలిస్తే అందులో లెడ్ జరిపే పెన్సిల్ దొరికింది. మొదటి పేటెంటుకు ముప్పై ఏళ్ల ముందే ఎవరో ఒక పనివాడు ఈ చిక్కు విప్పాడన్నమాట. అతని పేరు ఎక్కడా లేదు. చేతిపనుల చరిత్ర రాసేవాళ్లకి ఇది ప్రతి మలుపులోనూ ఎదురయ్యే బాధ. వస్తువు మిగులుతుంది, చేసిన చెయ్యి మిగలదు.

పేరు మిగిలినవాళ్లు ఇద్దరు. ఒకడు జాన్ ఐజాక్ హాకిన్స్. ఇంగ్లండ్‌లో పుట్టి అమెరికా వెళ్లి, ఫిలడెల్ఫియాలో నిలువు పియానో తయారుచేసి, ఒక చేత్తో రాస్తుంటే పక్కనే రెండో ప్రతి దానంతటదే తయారయ్యే యంత్రం కూడా రూపొందించిన బుద్ధిశాలి. అమెరికా అధ్యక్షుడు జెఫర్సన్ తన ఉత్తరాలకు ఆ యంత్రాన్నే వాడేవాడు. రెండోవాడు సాంప్సన్ మోర్డన్. లండన్‌లో వెండిపని చేసేవాడు. ఆ కాలంలో ఎవరూ తెరవలేని తాళాలకు పేరుపడ్డ జోసెఫ్ బ్రామా దగ్గర పని నేర్చుకున్నాడని చెబుతారు. తన పేరు మీద మోర్డన్ తాళాలు కూడా చేసి అమ్మాడు. 1822 డిసెంబరు 20న ఈ ఇద్దరి పేరనా లండన్‌లో పేటెంటు నమోదైంది. లెడ్‌ని చెక్కే పని లేకుండా, లోపలి మరతో ముందుకు నెట్టే పెన్సిల్ అది. కొద్దికాలానికే హాకిన్స్ తన వాటా మోర్డన్‌కి అమ్మి తప్పుకున్నాడు. మోర్డన్ అందులో సగం గేబ్రియల్ రిడిల్ అనే స్టేషనరీ వ్యాపారికి ఇచ్చాడు. 1823 నుంచి 1837 దాకా వచ్చిన పెన్సిళ్ల మీద ఇద్దరి పేర్ల పొడి అక్షరాలూ కనిపిస్తాయి. పాత వస్తువులు సేకరించేవాళ్లు భూతద్దం పెట్టి వెతికేది ఆ అక్షరాల కోసమే. పక్కన నడిచే సింహం ముద్ర ఉంటే వెండి నూటికి 92.5 పాళ్లు స్వచ్ఛమని ఆ దేశపు హామీ.

ఈ పెన్సిల్ ఎలా పనిచేస్తుందో కాస్త నిదానంగా చూద్దాం. అసలు అందమంతా అక్కడే ఉంది.

తల తిప్పితే లెడ్ ముందుకొచ్చే రకంలో ఒకదానిలో ఒకటి దూరే రెండు గొట్టాలు ఉంటాయి. లోపలి గొట్టానికి పొడవునా తిన్నని చీలిక. బయటి గొట్టం లోపలి గోడ మీద పాములా చుట్టుకుంటూ పోయే గాడి. లెడ్ వెనకాల సన్నని కడ్డీ, ఆ కడ్డీకి అడ్డంగా చిన్న మేకు. మేకు చీలికలోంచి బయటికి వచ్చి గాడిలో కూర్చుంటుంది. గొట్టాన్ని తిప్పితే గాడి మేకుని తనతో తిప్పాలని చూస్తుంది, చీలిక తిరగనివ్వదు. ఇక మేకుకి మిగిలిన దారి ఒక్కటే, ముందుకు. మేకుతో పాటు కడ్డీ, కడ్డీతో పాటు లెడ్. వెనక్కి తిప్పితే కడ్డీ వెనక్కి పోతుంది. చెప్పడానికి కొన్ని వాక్యాలు పట్టాయి. వేలెడంత వెండి గొట్టంలో, లెడ్ ఊగకుండా, మేకు పట్టేయకుండా చేయడానికి మాత్రం నిండు పనితనం కావాలి.

వెండిని రేకుగా సాగగొట్టి, గుండ్రంగా చుట్టి, అంచుల్ని టంకం పెట్టి అతకాలి. ఆపైన మన కంసాలులు కమ్మి తీసే కమ్మచ్చు లాంటి బెజ్జాల పలకలోంచి గొట్టాన్ని లాగుతూ పోవాలి. ప్రతి బెజ్జమూ ముందుదానికంటే సన్నం. లాగేకొద్దీ వెండి గట్టిపడి పెళుసవుతుంది. నిప్పుల్లో కాల్చి మెత్తబరిచి మళ్లీ లాగాలి. గొట్టం సిద్ధమయ్యాక దానిలో సరిగ్గా ఇమిడే రెండో గొట్టం. రెంటి మధ్యా సందు ఎక్కువైతే పెన్సిల్ గలగలమంటుంది, తక్కువైతే తిరగనంటుంది. వెండి మెత్తన కాబట్టి తరచూ రాపిడి తినే లోపలి భాగాలకు గట్టి లోహం కావాలి. ఇత్తడి, ఉక్కు అక్కడ పనికొచ్చాయి. చివర నగిషీ. రోజ్ ఇంజన్ అనే తరిమెన మీద పెట్టి గొట్టం ఒళ్లంతా అలలు, గింజలు, చారలు చెక్కేవాళ్లు. ఆ చెక్కడం కంటికి ఇంపుగా ఉండటమే కాదు, చెమట పట్టిన వేళ్లలోంచి నున్నటి వెండి జారిపోకుండా ఆపుతుంది కూడా. మంచి పనిముట్టులో అందం అనేది పనిలోంచే పుడుతుందని నాకు గట్టి నమ్మకం. దానికి ఇంతకంటే మంచి సాక్ష్యం నేను చూపలేను.

లెడ్ సంగతి ఇంకా కష్టం. చెక్క పెన్సిల్లో గ్రాఫైట్ పలకగా ఉన్నా, నలుచదరంగా ఉన్నా చెల్లుతుంది. ఇక్కడ నిక్కచ్చిగా గుండ్రంగా, మొదటినుంచి చివరిదాకా ఒకే లావున ఉండాలి. వెంట్రుకవాసి లావైనా గొట్టంలో దూరదు, సన్నమైతే రాసేటప్పుడు లోపలికి జారిపోతుంది. బారోడేల్ గ్రాఫైట్‌ని సన్నని చదరపు పుల్లలుగా కోసి, బెజ్జాల్లోంచి తోసి గుండ్రం చేసేవాళ్లు. గ్రాఫైట్ ముట్టుకుంటే మెత్తగా, నూనె రాసినట్టు ఉంటుంది కానీ ఉక్కు బెజ్జాన్ని ఇట్టే అరగదీస్తుంది. అందుకని కెంపురాయికి బెజ్జం పెట్టి వాడారు. అణా విలువ చేసే లెడ్ ముక్క నవరత్నాల్లో ఒకదాని గుండా దూరి వచ్చేదన్నమాట.

మోర్డన్ 1843లో చనిపోయాడు. కొడుకులు వ్యాపారం కొనసాగించారు. విక్టోరియా రాణి కాలం నడుస్తున్నకొద్దీ ఆ దుకాణం పెన్సిళ్లు రకరకాల వేషాలు వేశాయి. జంతువులు, పిస్తోళ్లు, ఈజిప్టు మమ్మీలు, ఇలా ఎన్నో ఆకారాలు. పురుషులు వాచీ గొలుసుకి, స్త్రీలు నడుముకు కట్టుకునే గొలుసుకి తగిలించుకునేవాళ్లు. నా అభిరుచికి ఆ బొమ్మల పెన్సిళ్లు అంతగా ఆనవు. మొదటి పదిహేనేళ్లలో వచ్చిన సాదా గొట్టాలే మోర్డన్ అసలు ఘనత. రెండో ప్రపంచ యుద్ధంలో లండన్ మీద పడ్డ బాంబులకు ఆ ఫ్యాక్టరీ బూడిదైంది. ఆ తరహా వెండి పని ఇంగ్లండ్‌లో పూర్తిగా ఆగిపోలేదు. యార్డ్-ఓ-లెడ్ అనే సంస్థ 1934లో మొదలై, మూడంగుళాల లెడ్‌లు పన్నెండు ఒకే పెన్సిల్లో నింపి అమ్మింది. మొత్తం ముప్పై ఆరు అంగుళాలు, అంటే ఒక గజం లెడ్. బర్మింగ్‌హామ్‌లో వెండి ఒంటి మీద ఉలితో, సుత్తితో పూలతీగెలు చెక్కే పనివాళ్ల చేతిమీదుగా ఆ పెన్సిళ్లు బయటికి వచ్చాయి.

1822కీ 1874కీ మధ్య ఈ రకం పెన్సిళ్ల మీద నూట అరవైకి పైగా పేటెంట్లు వచ్చాయి. వాటిలో చాలాభాగం చిన్న చిన్న మార్పులు. నొక్కితే ముందుకొచ్చే స్ప్రింగు రకం 1877లో వచ్చింది. అమెరికాలో ప్రావిడెన్స్ నగరపు నగల పనివాళ్ల నుంచి క్రాస్ కుటుంబం ఈ రంగంలోకి దిగింది. మధ్య ఐరోపాలో హార్ట్‌ముత్ సంస్థ తన మేటి పెన్సిల్‌కి కోహినూర్ అని పేరు పెట్టుకుంది. పల్నాడులో కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో దొరికిందని చెప్పే మన వజ్రం పేరే అది. మొదట అది పసుపు రంగు చెక్క పెన్సిల్ అయినా, తర్వాత్తర్వాత అదే పేరుతో వచ్చిన లోహపు క్లచ్ పెన్సిళ్లు ప్రపంచమంతా డ్రాయింగు బల్లల మీదికి చేరాయి. అయితే వీటన్నిటినీ దాటి నేరుగా టోక్యోకి వెళ్లాలని ఉంది. ఈ చరిత్రలో నా మనసుకి దగ్గరైన మనిషి అక్కడ ఉన్నాడు.

* * *

తొకుజి హయకవ 1893 నవంబరు 3న టోక్యోలోని నిహొన్‌బషిలో పుట్టాడు. తల్లికి జబ్బు చేయడంతో రెండేళ్లు నిండకుండానే వేరే ఇంటికి పెంపుడు పోయాడు. ఆ ఇంటికి సవతితల్లి వచ్చాక పిల్లవాడి బతుకు నరకమైంది. రెండో తరగతిలోనే బడి మానిపించి, రాత్రి పొద్దుపోయేదాకా అగ్గిపెట్టెలు అతికించే పనిలో కూర్చోబెట్టారు. అది చూడలేక (చూపు లేని మనిషి గురించి ఈ మాట అంటున్నానని తెలిసే అంటున్నాను) పొరుగున ఉన్న ఒక అంధురాలు ఆ పిల్లవాణ్ణి చెయ్యి పట్టుకుని ఒక లోహపు అలంకారాల పనివాడి దుకాణానికి తీసుకెళ్లి అప్పజెప్పింది. అప్పుడు అతనికి ఎనిమిదేళ్లు కూడా నిండలేదు. ఆమె చేతి వెచ్చదనం జీవితాంతం తనతో ఉందని హయకవ పెద్దయ్యాక చెప్పుకున్నాడు. మాటలతో ఆపలేదు. 1944లో యుద్ధంలో చూపు పోగొట్టుకున్న సైనికులు పనిచేసే ఫ్యాక్టరీ పెట్టించాడు. అది తర్వాత సొంత కాళ్ల మీద నిలబడ్డ సంస్థ అయింది.

శిష్యరికం ఏడేళ్ల పైచిలుకు. జీతం లేదు, తిండీ బట్టా గురువువి. రేకు కోయడం, ఆకురాయి పట్టడం, అతకడం, మెరుగుపెట్టడం. మధ్యలో గురువు పెన్సిళ్ల తయారీలోకి దిగి నష్టపోతే, మిగిలిన సరుకుని రాత్రి అంగళ్లలో కూర్చుని అమ్మే పని ఈ కుర్రవాడి మీద పడింది. పెన్సిల్‌తో అతని తొలి పరిచయం అది.

1912లో, పద్దెనిమిదేళ్లకు, బెజ్జం అవసరం లేకుండా బెల్టుని ఎక్కడ కావాలంటే అక్కడ బిగించే బకిల్ ఒకటి రూపొందించాడు. ఒక్క దెబ్బకు ముప్పై మూడు గ్రోసుల ఆర్డరు వచ్చింది. అంటే 4,752 బకిళ్లు. ఆ ధైర్యంతో అదే ఏడాది సెప్టెంబరు 15న హొంజో పేటలో చిన్న ఇల్లు అద్దెకు తీసుకుని సొంత దుకాణం తెరిచాడు. పెట్టుబడి యాభై యెన్లు. అందులో ఎక్కువభాగం అప్పు. రెండేళ్లలో పక్కవీధిలోని పెద్ద చోటికి మారి, ఒక హార్స్‌పవర్ మోటారు కొని పెట్టాడు. చేతిపని దుకాణంలో మోటారు పెట్టడం అప్పటికి సాహసమే.

1915లో ఒక పెన్సిల్ వ్యాపారి లోపలి ఇత్తడి భాగాలు చేసిపెట్టమని అడిగాడు. అప్పట్లో జపాన్‌లో దొరికే లెడ్ జరిపే పెన్సిళ్లు సెల్యులాయిడ్‌వి. లావుగా, ముతకగా ఉండేవి, ఇట్టే విరిగేవి. ఆట వస్తువుకంటే వాటికి విలువ లేదు. అడిగిన భాగాలు చేసి డబ్బు తీసుకుని ఊరుకోవచ్చు. హయకవ ఆ పెన్సిల్‌ని విప్పి చూసి, మొత్తం వస్తువునే కొత్తగా చేయాలనుకున్నాడు. లోపలి మరను ఇత్తడితో నిక్కచ్చిగా చేశాడు, ఒంటిని లోహంతో చేసి నికెల్ పూత పెట్టాడు. హయకవ రకం లెడ్ జరిపే పెన్సిల్ అని సొంత పేరుతోనే అమ్మకానికి పెట్టాడు.

ఎవరూ కొనలేదు. ఆ కారణాలు చదివితే డిజైన్ గురించి ఒక పాఠ్యపుస్తకం చదివినట్టుంటుంది. లోహం కాబట్టి చలికాలంలో వేళ్లకు చల్లగా తగులుతుందన్నారు. కిమోనోకి జేబు ఉండదు కాబట్టి అక్కడ తగిలించుకోవడానికి నప్పదన్నారు. పనివాడి కంటికి పెన్సిల్ అంటే లోపలి మర. కొనేవాడి కంటికి చేతికి తగిలే ఒళ్లు. హయకవ మొండిగా గింజా వీధి స్టేషనరీ దుకాణాల చుట్టూ తిరిగాడు. అక్కడి ఇతోయా వాళ్లు చెప్పిన లోపాలన్నీ విని, నమూనా మీద నమూనా చేసి పట్టుకెళ్లాడు. అలా ఓపికగా తిరుగుతున్న సమయంలో ఐరోపాలో మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తోంది. జర్మనీ సరుకు ఆగిపోయింది. యోకొహామా ఎగుమతి వ్యాపారులు ఈ పెన్సిల్‌ని విదేశాలకు పంపితే అక్కడ విపరీతంగా నచ్చింది. బయట మెచ్చుకున్నాక జపాన్‌లోనూ గిరాకీ వచ్చింది. లెడ్‌ని ఇంకా సన్నం చేసి, పేరు ఎవర్ రెడీ షార్ప్ పెన్సిల్ అని మార్చాడు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. లెడ్ జరిపే పెన్సిల్‌ని కనిపెట్టినవాడు హయకవ అని చాలాచోట్ల రాస్తుంటారు. అది నిజం కాదని ఇంతవరకు చదివిన పాఠకులకు తెలుసు. అదే కాలంలో అమెరికాలో కూడా చార్లెస్ కీరన్ అనే ఆయన ఎవర్‌షార్ప్ అనే పెన్సిల్ రూపొందించాడు. తుపాకీ గొట్టంలో ఉన్నట్టు మొన లోపల మెలికల గాళ్లు తీసి లెడ్ జారకుండా పట్టించాడు. షికాగోలో కూడికల యంత్రాలు చేసే వాల్ కంపెనీ దాన్ని తయారుచేయడానికి ఒప్పుకుని, కొన్నేళ్లలో మొత్తం వ్యాపారాన్ని సొంతం చేసుకుంది. కీరన్ తన పెన్సిల్‌కే పరాయివాడయ్యాడు. కాబట్టి మొదటివాడనే బిరుదు హయకవకి ఇవ్వనక్కర్లేదు. గొట్టం చుట్టడం దగ్గర్నుంచి మెరుగు పెట్టడం దాకా ప్రతి పనీ తన వేళ్లకు తెలిసిన మనిషి ఆ పెన్సిల్‌ని చేశాడన్నది అతని గొప్ప. ఆ తేడా ఆ వస్తువులో కనిపిస్తుంది.

వ్యాపారం పెరిగింది. అన్న మసజి వచ్చి చేరాడు. 1923 నాటికి రెండు వందల మంది పనివాళ్లు.

ఆ ఏడాది సెప్టెంబరు 1న మధ్యాహ్నం పన్నెండుకు రెండు నిమిషాలుండగా భూకంపం వచ్చింది. పొయ్యిల మీద వంట ఉన్న వేళ. చెక్క ఇళ్లు, గాలి. లక్ష మందికి పైగా చనిపోయారు. హయకవ ఉండే హొంజో పేట అన్నిటికంటే ఘోరంగా దెబ్బతింది. ఆ పేటలోనే పాత సైనిక దుస్తుల డిపో ఆవరణలోకి ప్రాణాలు కాపాడుకోవడానికి చేరిన జనాన్ని నిప్పుల సుడిగాలి చుట్టేసి ముప్పై ఎనిమిది వేల మంది ఒక్కచోటే కాలిపోయారు. హయకవ భార్య పోయింది. ఇద్దరు కొడుకులూ పోయారు. ఫ్యాక్టరీ పోయింది.

మిగిలింది అప్పు. పెన్సిళ్లు అమ్మిపెట్టే ఒసాకా వ్యాపార సంస్థ తనకు రావలసిన ఇరవై వేల యెన్లు వెంటనే కట్టమంది. చేతిలో ఏమీ లేదు. హయకవ పెన్సిల్ పేటెంట్లు, మిగిలిన యంత్రాలు ఆ సంస్థకు రాసిచ్చి, పని నేర్పడానికి తాను కూడా ఒసాకా వెళ్లాడు. ఒప్పందం ముగిశాక, 1924 సెప్టెంబరులో ఒసాకా శివార్లలోని తనబేలో హయకవ లోహ పరిశోధనాలయం అని చిన్న షెడ్డు తెరిచాడు. తాను రూపొందించిన పెన్సిల్‌ని తానే చేసి అమ్ముకునే హక్కు లేదు. ఫౌంటెన్ పెన్నుల క్లిప్పులు, చిల్లర లోహపు భాగాలు చేస్తూ కూర్చున్నాడు.

మరుసటి ఏడాది జపాన్‌లో రేడియో ప్రసారాలు మొదలవబోతున్నాయి. అమెరికా నుంచి దిగుమతైన చిన్న క్రిస్టల్ రేడియో ఒకటి కొని తెచ్చి విప్పాడు. కరెంటు గురించి అతనికి గానీ, పనివాళ్లకు గానీ ఏమీ తెలియదు. లోహం గురించి తెలుసు. అందులో ఉన్న ప్రతి ముక్కనూ చూసి చూసి చేశారు. 1925లో జపాన్‌లో తయారైన తొలి క్రిస్టల్ రేడియో ఆ షెడ్డులోంచి వచ్చింది. దానికి పెట్టడానికి కొత్త పేరు వెతకలేదు. పోగొట్టుకున్న పెన్సిల్ పేరులోని షార్ప్ అనే మాటను తీసి పెట్టాడు. ఆ తర్వాత టీవీలు వచ్చాయి. 1964లో ఇరవై ఐదు కిలోల బరువున్న ఎలక్ట్రానిక్ కాలిక్యులేటరు వచ్చింది. 1970లో కంపెనీ పేరే షార్ప్ అయింది. మన ఇళ్లలో ఆ పేరుతో ఉన్న క్యాలిక్యులేటరు, మైక్రోవేవ్ ఏదైనా సరే, దాని మీద ఉన్నది ఒక పెన్సిల్ పేరు. హయకవ 1980లో, ఎనభై ఆరేళ్ల వయసులో చనిపోయాడు.

* * *

ఇక మిగిలిన కథ త్వరగా చెప్పవచ్చు. 1929లో జెనీవా ఇంజనీరు కార్ల్ ష్మిడ్ క్లచ్ రకం పెన్సిల్ చేశాడు. కారన్ దాష్ కంపెనీ దాన్ని ఫిక్స్‌పెన్సిల్ పేరుతో అమ్మింది. ఆరు పలకల లోహపు ఒళ్లు, వెనక నొక్కే బొత్తం, లోపల మూడు దవడల పట్టు. ఆ పట్టు పనిచేసే తీరు మన పొయ్యి పట్టకారు లాంటిదే. దవడలు సహజంగా విచ్చుకుని ఉంటాయి, మీద ఉన్న ఉంగరంలోకి స్ప్రింగు వాటిని లాగినప్పుడు దగ్గరికొచ్చి లెడ్‌ని బిగిస్తాయి. బొత్తం నొక్కితే ఉంగరంలోంచి బయటికొచ్చి వదిలేస్తాయి. మన పాలిటెక్నిక్కుల్లో, ఇంజనీరింగు కాలేజీల్లో డ్రాయింగు క్లాసుకి కొనిపించే 2 మిల్లీమీటర్ల క్లచ్ పెన్సిల్ ఈ వంశానిదే.

అప్పటికింకా సన్నని లెడ్ చేయడం ఎవరి వల్లా కాలేదు. బంకమట్టి కలిపి కాల్చిన లెడ్‌ని మిల్లీమీటరుకంటే బాగా సన్నం చేస్తే రాత బరువుకి నిలవదు. 1960లో జపాన్‌లో పెంటెల్ వాళ్లు మట్టి బదులు రెసిన్ వాడి, దాన్ని బొగ్గుగా మార్చే పద్ధతి తెచ్చారు. గ్రాఫైట్ రేణువుల్ని ఆ బొగ్గు గట్టిగా పట్టి ఉంచుతుంది. అర మిల్లీమీటరు లెడ్ సాధ్యమైంది. చెక్కనక్కర్లేని మొన అనే మోర్డన్ కోరిక పూర్తిగా తీరింది అప్పుడే. 2 మిల్లీమీటర్ల లెడ్‌కి ఇంకా సానపెట్టాలి, అర మిల్లీమీటరు గీతకి ఏమీ అక్కర్లేదు. కానీ దాంతోనే ప్లాస్టిక్ వచ్చి పడింది. పిల్లలు అయిదు రూపాయలకో పది రూపాయలకో కొని, పాడైతే పారేసే వస్తువైంది పెన్సిల్.

లోహం డ్రాఫ్టింగు బల్లల దగ్గర నిలిచింది. హాంబర్గ్ రోట్రింగ్ కంపెనీ 1989లో తెచ్చిన 600 పెన్సిల్‌ని నేను ఈ వంశంలో చివరి గొప్ప డిజైన్‌గా లెక్కిస్తాను. నిండు ఇత్తడి ఒళ్లు, బల్ల మీద దొర్లిపోకుండా ఆరు పలకలు, వేళ్లు పట్టే చోట నర్లింగ్. లేత్ మీద గట్టి చక్రాలతో నొక్కి తీసే ఆ గరుకు గళ్లకు మన టర్నర్లు వాడే మాట కూడా ఇదే. మొన దగ్గర స్కేలు అంచుకి ఆనేలా సన్నని పొడుగాటి గొట్టం. మోర్డన్ పనివాళ్లు నగిషీతో సాధించిన పట్టుని వీళ్లు నర్లింగ్‌తో సాధించారు. అది వచ్చిన కొద్దికాలానికే కంప్యూటర్లు డ్రాయింగు బల్లల్ని ఖాళీ చేయించాయి. అయినా ఆ పెన్సిల్ ఇంకా అమ్ముడుపోతోంది.

ఇవాళ చాలా దేశాల్లో ఇంటి షెడ్డులో చిన్న లేత్ పెట్టుకుని ఇత్తడి, రాగి, టైటానియం కడ్డీల్ని తొలిచి పెన్సిళ్లు చేసేవాళ్లున్నారు. వాళ్ల పనిని గౌరవిస్తూనే ఒక తేడా చెప్పాలి. వాళ్లలో ఎక్కువమంది ఒంటిని చేత్తో చేసి, లోపలి యంత్రాన్ని ఫ్యాక్టరీలో చేసినది కొని అమరుస్తారు. అది తప్పేమీ కాదు. మూడు దవడల పట్టుని అర మిల్లీమీటరు లెడ్‌కి సరిపడేలా చేత్తో చేయడం దాదాపు అసాధ్యం. అయినా వాళ్లకు చిక్కులు తక్కువేం కాదు. బరువు ముందుకు ఉంటే గీత నిలకడగా వస్తుంది, వెనక్కి ఉంటే చెయ్యి లాగుతుంది. ఇత్తడిది లావుగా చేస్తే గంట రాసేసరికి వేళ్లు నొప్పెడతాయి, టైటానియం తేలికే కానీ తొలిచేటప్పుడు వేడెక్కి పనిముట్టుని తినేస్తుంది. మరచుట్టు ఏమాత్రం వదులైనా రాసేటప్పుడు మొన దగ్గర టిక్కుటిక్కుమంటుంది. ఆ చప్పుడు వినిపించని పెన్సిల్ చేయగలిగినవాడిని నేను మోర్డన్ వారసుడనే అంటాను.

పాఠకులకు ఒక మనవి. మీ ఇంట్లో తాతల కాలంనాటి లోహపు పెన్సిల్ ఏదైనా ఉంటే, లెడ్ రావట్లేదని పారేయకండి. చాలావాటికి జబ్బు ఒకటే, మొన దగ్గర విరిగి ఇరుక్కున్న లెడ్ ముక్క. తలను బలవంతంగా తిప్పితే లోపలి మేకు విరుగుతుంది, అలా చేయొద్దు. తీగలాంటి సన్నని ఉక్కు పుల్లతో మొనలోంచి మెల్లగా లోపలికి తోయండి. పాతవాటిలో ఎక్కువగా వాడిన కొలత 1.18 మిల్లీమీటర్లు. ఆ కొలత లెడ్‌లు ఇప్పటికీ తయారవుతున్నాయి. ఒంటి మీద ముద్రలు ఉంటే పాలిష్ పెట్టి రుద్దకండి, అవి అరిగిపోతే ఆ పెన్సిల్ ఎవరు చేశారో చెప్పే దిక్కు ఉండదు.

వచ్చే భాగంలో రాజమహేంద్రవరం వెళ్దాం. కంసాలి పని తెలిసిన కోసూరి వెంకటరత్నం గారు లేత్ మీద చేసిన స్వదేశీ ఫౌంటెన్ పెన్ను గాంధీజీ చేతికి ఎలా చేరిందో అక్కడ చూద్దాం.